చంకలో కుండ ఉన్న బొమ్మ

ఒకానొక రాజ్యంలో ఒక రాజుగారు ఉండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ముగ్గురే ఎందుకని అడగకండి, కథల్లో రాజులకు ముగ్గురే పుడతారు. పెద్దవాడు ఉదయసేనుడు, నడిపివాడు విజయసేనుడు, చిన్నవాడు వినయసేనుడు. పెద్దవాడికి కత్తంటే ప్రాణం. నడిపివాడికి గుర్రమంటే ప్రాణం. చిన్నవాడికి ఊరగాయలంటే ప్రాణం.

నవ్వకండి. ఆ కోటలో ఊరగాయంటే చిన్న విషయం కాదు. రాజుగారి తల్లి సులక్షణమ్మ, చుట్టూ ఎంతమంది దాసీలున్నా సరే, ఎండలు ముదరగానే కొంగు దోపుకుని మామిడికాయ తన చేత్తోనే కలిపేది. ఆ రోజుల్లో వినయసేనుడు నాయనమ్మ పక్కనుంచి కదిలేవాడు కాదు. జాడీలు తుడిచేవాడు, ఆవపిండి జల్లించేవాడు, ముక్కలు దొంగిలించి మొట్టికాయలు తినేవాడు. ఆ మొట్టికాయల్లో సగం వకుళకు పడేవి. వకుళ రాజుగారి చెల్లెలి కూతురు, అంటే వినయసేనుడికి మేనత్త కూతురు. పచ్చళ్ళ రోజులు వచ్చాయంటే పక్క రాజ్యం నుంచి అమ్మమ్మ దగ్గరకు వచ్చేసేది. వాళ్ళిద్దరికీ పెళ్ళి చేయాలని పెద్దవాళ్ళు ఎప్పుడో అనుకున్నారు. వాళ్ళిద్దరూ అంతకన్నా ముందే అనుకున్నారు.

ఒక ఎండాకాలం కోటలోకి ఒక ముసలాయన వచ్చాడు. భుజాన పెద్ద మూట. రాజుగారి ముందు ఆ మూట దించి, మెల్లగా విప్పాడు. అందులో ఒక మట్టిబొమ్మ ఉంది. ఏడేళ్ళ పాప ఎంత ఉంటుందో అంత బొమ్మ. పరికిణీ కట్టుకుని, చంకలో చిన్న కుండ పెట్టుకుని, ఏదో చెప్పబోతూ నవ్వు ఆపుకోలేకపోతున్నట్టు ఉంది.

"ఇది నా కూతురు. పేరు పున్నాగ. దీన్ని మళ్ళీ మనిషిని చేసేవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు ముసలాయన.

సభలో పండితులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వారు. పిచ్చివాడనుకున్నారు. వకుళకు మాత్రం, ఆయన కంట్లో చుక్క లేకపోయినా, గొంతులో ఏడుపు వినబడింది. లేచి వచ్చి ముసలాయన చెయ్యి పట్టుకుంది.

"ఏడవకు తాతా. వచ్చే ఎండాకాలానికల్లా నీ పాపను నేను మనిషిని చేసిపెడతాను. ఇదిగో, మాట ఇస్తున్నాను."

ఎందుకంది? ఆమెకేమైనా మంత్రాలు వచ్చా? ఒక్కటీ రాదు. ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టడానికి మనమంతా అంటాం చూడండి, రేపు కొనిపెడతాలే అని, రేపు వచ్చేస్తాడులే అని, అలా అంది. నాకు ఆ మాటలంటేనే ఒళ్ళుమంట. చెడ్డ మనసుతో అన్న మాట కాదు, నిజమే. కానీ ముసలాయన దాన్ని నమ్మాడు. నమ్మి, ఏడాదిపాటు ఆ ఒక్క మాట పట్టుకుని బతికాడు.

ఏడాది తిరగగానే మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మూట దించాడు. "ఏదమ్మా, నా బిడ్డను లేపు" అన్నాడు ఆశగా.

వకుళ తల వంచుకుంది. "నాకు చేతకాదు తాతా. నువ్వు బాధపడుతుంటే చూడలేక అలా అన్నాను."

అంతే, ముసలాయన వంగిన నడుం నిటారుగా లేచింది. కళ్ళు నిప్పులయ్యాయి. ఆయన మామూలు ముసలాయన కాడు. ఏడు సముద్రాల అవతల ఎర్రదీవిలో ఉండే మృణ్మయుడనే మాంత్రికుడు. పేరు నోరు తిరక్కపోతే మట్టిమాంత్రికుడు అనుకోండి. ఆయన రొంటినుంచి గుప్పెడు మట్టి తీసి వకుళ మీద చల్లాడు. అంత పిల్లా అందరూ చూస్తుండగానే పాదాలనుంచి తలదాకా మట్టిబొమ్మ అయిపోయింది.

"మాట ఇచ్చి తప్పినదాన్ని మట్టి చేశాను. తీసుకుపోయి నా పెరట్లో ఆరుబయట నిలబెడతాను. నా బిడ్డను నాకు తెచ్చి ఇచ్చినవాడికి దీన్ని ఇచ్చేస్తాను. వానలు పడేదాకా చూస్తాను. పచ్చిమట్టి బొమ్మ వానలో నిలబడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు" అని, రెండు బొమ్మలతోనూ మాయమయ్యాడు.

ఉదయసేనుడు కత్తి తీసుకుని ఓడెక్కాడు. తిరిగి రాలేదు. విజయసేనుడు గుర్రాన్ని ఒడ్డున వదిలి ఓడెక్కాడు. గుర్రం తిరిగి వచ్చింది, అతను రాలేదు. అప్పుడు వినయసేనుడు లేచాడు. రాజుగారు వద్దన్నారు. రాణీగారు వద్దన్నారు. నాయనమ్మ మాత్రం ఒక గుడ్డలో అటుకులు, ఒక గుడ్డలో చింతపండు ఉండ కట్టి ఇచ్చింది.

"వెళ్ళిరా నాయనా. పిల్ల ఎండలో నిలబడి ఉంది" అంది.

వినయసేనుడు సముద్రపు ఒడ్డుకు వచ్చేసరికి అక్కడ ఒక్క ఓడ కూడా మిగల్లేదు. ఇసుకలో ఒక పెద్ద తాబేలు మాత్రం పడి ఉంది. దాని కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏడుస్తున్నావా తాబేలు మామా?" అని అడిగాడు.

"ఏడవక నవ్వమంటావా? నా వీపు చూడు. నిండా గుల్లలు అతుక్కుపోయాయి. ఈ బరువుతో ఈదలేను. మీ పెద్దన్న కత్తితో గీకబోయాడు, ప్రాణం పోయినంత పనైంది. మీ చిన్నన్న రాయితో కొట్టబోయాడు, డిప్ప పగలబోయింది. నువ్వు దేంతో చంపుతావు?"

"నేను పులుపు తెచ్చాను" అన్నాడు వినయసేనుడు.

రాతి గుంటలో చింతపండు నానబెట్టి, చిక్కగా పిసికి, ఆ రసం గుల్లల మీద పోశాడు. బుసబుసమని సన్నగా నురగ లేచింది. తాబేలు హడలిపోయింది. "ఓరి నాయనో, నన్ను ఉడకబెడుతున్నావా?"

"లేదు మామా. గుల్లంటే సున్నమే కదా. సున్నానికీ పులుపుకీ పడదు. పులుపు తగిలితే సున్నం నురగై పోతుంది. నీ డిప్పకు ఏమీ కాదు, కాస్త ఓపిక పట్టు."

పోసి ఆరనిచ్చాడు, మళ్ళీ పోశాడు. సాయంత్రానికి గుల్లలు మెత్తబడి పట్టు వదిలాయి. చేత్తో తీస్తే రాలిపోయాయి. తాబేలు ఒళ్ళు తేలికై నీళ్ళలో ఒక చుట్టు చుట్టి వచ్చింది. "ఎక్కు అల్లుడూ! ఎర్రదీవి ఎంత దూరమైనా సరే" అంది.

ఏడు సముద్రాలంటే అన్నీ ఉప్పునీళ్ళే అనుకుంటున్నారేమో, కాదు. మొదటిది ఉప్పు సముద్రం. రెండోది చెరుకురసం సముద్రం. అక్కడ తాబేలు తాగడానికి ఆగింది, ఎంతకీ కదల్లేదు. మూడోది కల్లు సముద్రం. అక్కడ వినయసేనుడు దాన్ని ఆగనివ్వలేదు. నాలుగోది నేతి సముద్రం. తెల్లవారుజామున చలికి అంతా పేరుకుపోయి, తాబేలు దానిమీద నడిచింది. పొద్దెక్కగానే కరిగిపోయింది, ఈదింది. రాత్రికి మళ్ళీ పేరుకుంది, మళ్ళీ నడిచింది. ఎన్నిసార్లు పేరుకున్నా ఎన్నిసార్లు కరిగినా నెయ్యి నెయ్యే.

అయిదోది పెరుగు సముద్రం. అది దాటి ఇసుకదిబ్బ ఎక్కగానే తాబేలు ఆగిపోయింది. "కాళ్ళు తుడుచుకో. వేళ్ళ సందులు కూడా. నా డిప్ప కూడా తుడువు. అటుపక్క పాల సముద్రం. మనకంటుకున్న పెరుగు ఒక్క చుక్క పడిందంటే సముద్రమంతా తోడుకుంటుంది. తరవాత దేవుడు దిగి వచ్చినా దాన్ని పాలు చెయ్యలేడు" అంది.

వినయసేనుడు ఉన్న పంచె చించి ఇద్దరికీ తుడిచాడు. అలా ఆరోదైన పాల సముద్రమూ, ఏడోదైన మంచినీళ్ళ సముద్రమూ దాటి ఎర్రదీవి చేరారు.

దీవంతా ఎర్రగా ఉంది. అది మట్టి కాదు, కుండపెంకుల పొడి. ఎవరో వేలకొద్దీ కుండల్ని పగలగొట్టి, అంతటితో ఊరుకోక, రోట్లో వేసి దంచినట్టున్నారు. వినయసేనుడు గుప్పెడు తీసి నీళ్ళు కలిపి పిసికి చూశాడు. ముద్ద కాలేదు. కాలిన మట్టి మళ్ళీ ముద్ద కాదు మరి.

పెరట్లో బొమ్మలు నిలబడి ఉన్నాయి. ఈ ఎండాకాలంలో వచ్చిన ఎవరెవరో రాజకుమారులు, వైద్యులు, మంత్రగాళ్ళు. వాళ్ళ మధ్య ఉదయసేనుడు కత్తి ఎత్తి ఉన్నాడు. విజయసేనుడు నోరు తెరిచి ఉన్నాడు. ఒక చివర వకుళ తల వంచుకుని నిలబడి ఉంది. ఎండకు ఆమె మోచేతి దగ్గర సన్నటి బీట కూడా పడింది. అది చూసి వినయసేనుడికి ఏడుపు ఆగలేదు.

అరుగుమీద మట్టిమాంత్రికుడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కూతురి బొమ్మ. చూరుకు ఒక పంజరం, అందులో ఒక రామచిలుక.

"వచ్చావా? మీ అన్నలు కూడా వచ్చారు. లేపుతామని మాటిచ్చారు. తప్పారు. నువ్వూ మాటిస్తావా?"

వినయసేనుడు దగ్గరకు వచ్చి, బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుండలు కొనేటప్పుడు మీ అమ్మ ఎలా చేస్తుంది? వేలితో కొట్టి చూస్తుంది కదా. అలాగే పాప చంకలోని కుండను వేలి కణుపుతో మెల్లగా తట్టాడు. ఖంగుమంది.

"తాతా, ఇది కాలిన బొమ్మ. మనిషి కాదు. నేను మాట ఇవ్వను" అన్నాడు.

మాంత్రికుడు గర్జించాడు. గుప్పెడు మట్టి తీసి అతని మీద చల్లాడు. వినయసేనుడికి తుమ్ము వచ్చింది తప్ప ఇంకేమీ కాలేదు. ఎందుకంటే ఆ మంత్రం రెండు రకాల మనుషుల మీదే పారుతుంది. మాట తప్పినవాళ్ళ మీద, లేదా తమంతట తాము ఒప్పుకున్నవాళ్ళ మీద. ఇతను మాట ఇవ్వనేలేదు, తప్పేదెక్కడ?

"రాదని ఒక్క ముక్కలో తేల్చేశావే! ఏది తిరిగొస్తుందో ఏది రాదో నీకేం తెలుసు? మూడు పనులు పెడతాను. చెయ్యి చూద్దాం" అన్నాడు మాంత్రికుడు.

మొదట గిన్నెడు నీళ్ళలో దోసెడు ఉప్పు వేసి కలిపాడు. ఉప్పు కనబడకుండా పోయింది. "దాన్ని తెచ్చిపెట్టు."

వినయసేనుడు ఆ నీళ్ళను ఎండకు కాలుతున్న బండమీద కొంచెం కొంచెంగా పోశాడు. పొద్దు వాలేసరికి బండంతా తెల్లగా అయింది. ఆ ఉప్పు గీకి ఇచ్చాడు. "ఎక్కడికీ పోలేదు తాతా. నీళ్ళలో దాక్కుంది."

మర్నాడు మాంత్రికుడు ఒక రాగి భరిణెలో కర్పూరం బిళ్ళ పెట్టి, మూత బిగించి, వేడి ఇసుకలో పాతాడు. కాసేపటికి తీసి మూత కొద్దిగా ఎత్తి చూపించాడు. అడుగున ఏమీ లేదు. "తెచ్చిపెట్టు."

వినయసేనుడు వెంటనే మూత మూసి, దానిమీద తడిగుడ్డ కప్పి కూర్చున్నాడు. చల్లారాక మూత తిప్పి చూపించాడు. మూత లోపలివైపు కర్పూరం తెల్లటి పలుకులుగా అంటుకుని ఉంది. "ఇదీ ఎక్కడికీ పోలేదు తాతా. గాలిలో దాక్కుంది."

మూడోనాడు మాంత్రికుడు గిన్నె ఒకటి ముందు పెట్టాడు. అందులో గట్టి పెరుగు. "నిన్న ఇవి పాలు. నాకు మళ్ళీ పాలు కావాలి."

వినయసేనుడు ఆ గిన్నె చూశాడు. అవతల వకుళను చూశాడు. ఆకాశం అంచున నల్లటి మబ్బు తల ఎత్తుతోంది. అవునని ఒక్క మాట అంటే ఇంకో రోజు గడువు దొరుకుతుంది. అయినా అతని నోటికి ఆ మాట రాలేదు.

"ఇది దాక్కోలేదు తాతా. మారిపోయింది. ఇంక రాదు."

"రాకపోతే ఏం చేస్తావు?"

"పెరుగన్నం తింటాను."

మాంత్రికుడు కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. కాసేపటికి దించి, కూతురి బొమ్మ తల నిమిరాడు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు.

"నేను మొదట కుండలు చేసేవాణ్ణి, అబ్బాయ్. తల్లి లేని పిల్ల ఇది. దాగుడుమూతలంటే ప్రాణం. నన్ను మట్టి చెయ్యి నాన్నా, కుండల మధ్య దాక్కుంటా అనేది. చేసేవాణ్ణి. కాసేపు వెతికినట్టు నటించి, కొండమీది ఊట నీళ్ళు తెచ్చి ఒక చుక్క నెత్తిన వేస్తే నవ్వుకుంటూ లేచేది. ఒకరోజు అలా దాక్కుని ఉండగా సముద్రపు దొంగలు పడి నన్ను పట్టుకుపోయారు. తప్పించుకుని ఈదుకుంటూ వచ్చేసరికి పనివాళ్ళు కుండలు కాల్చే ఆవం పేర్చి నిప్పు పెట్టేశారు. కొత్త బొమ్మనుకున్నారు పాపం, కుండలతోపాటు దీన్నీ పేర్చేశారు. ఆ ఊట నీళ్ళు ఎన్ని పోసినా లేవలేదు. దీవిలో ఉన్న కుండలన్నీ పగలగొట్టి పిండి చేశాను. మళ్ళీ ఆవం వెలిగించలేదు."

వినయసేనుడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మట్టిగా ఉన్నన్నాళ్ళూ దాక్కుని ఉంది తాతా. ఆవంలో మారిపోయింది. బొమ్మకు నొప్పి తెలియదు. చూడు, నవ్వుతూనే ఉంది."

"తెలుసు" అన్నాడు మాంత్రికుడు. ఆయన కంట్లో ఒక్క చుక్క లేదు. "నువ్వు చెప్పింది నిజం. అయినా నాకేమీ అనిపించడం లేదు. వాళ్ళు కరిగిపోతే కరిగిపోనీ. పో."

ఉరిమింది. అప్పుడు పంజరంలో చిలుక అతన్ని పిలిచింది.

"ఆయనకు ఎలా అనిపిస్తుంది? బాధ ఓర్చుకోలేక తన ప్రాణం తీసి నాలో పెట్టేశాడు. మోయలేక చస్తున్నాను. పంజరం తలుపు తీసి నా మెడ విరిచెయ్. ఆయన పోతాడు, నేనూ సుఖపడతాను."

పిల్లలూ, మీరైతే ఏం చేసేవాళ్ళు? తాబేలైతే ఒడ్డునుంచే "విరువు, విరువు!" అని అరిచింది. వినయసేనుడు పంజరం తలుపు తీసి, చిలుకను చేతిలోకి తీసుకుని ఒక్కటే అడిగాడు.

"ఆయన పోతే వకుళ లేస్తుందా?"

"లేవదు. ఊట నీళ్ళు పడితేనే లేస్తుంది. మంత్రం కూడా అక్కర్లేదు."

"మరి ముసలాయన్ని చంపి నేనేం చేసుకోను? ఊట ఎక్కడుందో చూపించు" అన్నాడు.

కొండమీద రాళ్ళ మధ్య ఆ ఊట పొగలు కక్కుతోంది. దగ్గరకు వెళితేనే పళ్ళు పులిశాయి. అంత పులుపు. చేత్తో ముట్టుకుంటే చురుక్కుమని బొబ్బెక్కింది. మాంత్రికుడి వంటింట్లోంచి ఇనుప మూకుడు తెచ్చి ముంచాడు. అది బుడగలు కక్కి, చూస్తుండగానే చిల్లులు పడిపోయింది. రాగి చెంబు ముంచాడు. నీళ్ళు పచ్చబడి, చెంబు అడుగు ఊడిపోయింది. కొబ్బరిచిప్ప ముంచాడు. అది బొగ్గులా నల్లబడి విరిగిపోయింది. బొమ్మల్ని ఊట దగ్గరకే మోసుకొద్దామా అంటే, పచ్చిమట్టి మనుషులు, ఎత్తితే విరుగుతారు.

వినయసేనుడు కొండమీద చతికిలబడ్డాడు. ఇంత పులుపును ఏది మోస్తుంది? నాయనమ్మ ఏటా అంత పులుపును ఎందులో పెడుతుంది? ఇనుములో పెట్టదు, రాగిలో పెట్టదు. ఆవంలో కాలిన జాడీలో పెడుతుంది. నిప్పులో ఒకసారి మారిపోయిన మట్టిని ఇక పులుపు ఏమీ చెయ్యలేదు. కానీ ఈ దీవిలో కాలిన కుండ ఎక్కడుంది? కొత్తది చేసి, ఆరబెట్టి, కాల్చేసరికి వాన కురిసి వెలిసిపోతుంది.

ఒక్కటుంది. అది అడగదగిన మాట కాదు. అయినా పరుగెత్తాడు.

"తాతా, పున్నాగ చంకలో కుండ ఉంది. ఆ ఊట నీళ్ళను మోయగలిగింది ఈ దీవిలో ఆ కుండ ఒక్కటే. నీ బిడ్డను నాకు ఇవ్వు."

"ముట్టుకున్నావంటే నరికేస్తాను!" మాంత్రికుడు బొమ్మను గుండెకు అదుముకున్నాడు. "కొండదారి జారుడు. నువ్వు పడితే ఇది పగిలిపోతుంది. పడనని మాటిస్తావా?"

"ఇవ్వలేను. జాగ్రత్తగా మాత్రం పట్టుకుంటాను."

మొదటి చినుకు పడింది. వకుళ చెంప మీదే పడింది. పడినచోట మట్టి కరిగి చిన్న గుంట అయింది. వినయసేనుడు తన పై గుడ్డ తీసి ఆమె తలమీద కప్పి, మళ్ళీ వచ్చి మాంత్రికుడి ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ చాచాడు, అంతే.

మాంత్రికుడు ఆ చేతుల్ని చూశాడు. వేళ్ళనిండా బొబ్బలు. తరవాత కూతురి ముఖం చూశాడు. చంకలో కుండ పెట్టుకుని, నీళ్ళకు పోదామా నాన్నా అన్నట్టే ఉంది.

"నా బిడ్డ. నేనే ఎత్తుకుంటాను" అన్నాడు.

ఆ ముసలాయన కూతుర్ని చంకనేసుకుని కొండెక్కాడు. వినయసేనుడు వెనకనుంచి పట్టుకున్నాడు. చిలుక ముందు ఎగురుతూ దారి చెప్పింది. ఊట దగ్గర మాంత్రికుడు బొమ్మను వంచి కుండ ముంచాడు. బుడగ లేదు, నురగ లేదు, రంగు మారలేదు. కుండ నిండింది, నిండినది నిండినట్టే ఉంది.

దిగి వచ్చేసరికి చినుకులు దగ్గరపడుతున్నాయి. మాంత్రికుడు పాపను ఒక్కొక్క బొమ్మ దగ్గరకూ ఎత్తి, కుండ కొద్దిగా వంచాడు. చూసేవాళ్ళకు ఆ పిల్లే నీళ్ళు పోస్తున్నట్టుంది. నెత్తిన చుక్క పడగానే ఒక రాజకుమారుడు కళ్ళు తెరిచాడు. ఒక వైద్యుడు దగ్గాడు. ఉదయసేనుడు ఎత్తిన కత్తి దించేశాడు. విజయసేనుడు తెరిచిన నోరు మూశాడు. లేచిన ప్రతివాళ్ళకూ మొట్టమొదట కనబడింది నవ్వుతున్న పున్నాగ ముఖమే.

వకుళ చివర ఉంది. ఆమె పాదాలు అప్పటికే జారుమన్ను అవుతున్నాయి. వినయసేనుడు ఆమె తలమీది గుడ్డ తీశాడు. చుక్క పడింది. వకుళ గట్టిగా ఊపిరి పీల్చుకుని, "బావా" అని వినయసేనుడి మీద వాలిపోయింది. చినుకు పడిన చెంప మీద గుంట అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి ఆమె నవ్వితే ఆ చెంపకు సొట్ట పడేది. ఆ సొట్ట ఆమెకు ఎంత అందమో మాటల్లో చెప్పలేను.

కుండలో ఒక్క చుక్క మిగిలింది. మాంత్రికుడు ఆ చుక్కను కూతురి నెత్తిన వేశాడు. అది నుదుటి మీదుగా జారి, గడ్డం దగ్గర కాసేపు ఆగి, కింద పడింది. పాప అలాగే నవ్వుతోంది.

"రాదు కదా, అబ్బాయ్?"

"రాదు తాతా."

అప్పుడు మాంత్రికుడు వానలో కూలబడి భోరుమన్నాడు. వినయసేనుడి భుజం మీదున్న చిలుక ఒక్కసారి తుమ్మింది. దాని నోట్లోంచి మిణుగురంత వెలుగు వచ్చి ముసలాయన గుండెల్లోకి వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి ఏడవాల్సిందంతా ఆయన అప్పుడు ఏడ్చాడు. వకుళ వెళ్ళి పక్కన కూర్చుంది. ఈసారి ఆమె ఏడవకు తాతా అనలేదు. ఆయన చెయ్యి పట్టుకుని తనూ ఏడ్చింది.

వాన వెలిశాక అందరూ దీవిలో చెట్లు కొట్టి తెప్పలు కట్టుకున్నారు. మాంత్రికుడిని ఒంటరిగా వదిలేసి రావడానికి వకుళ ఒప్పుకోలేదు. ఆయన కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని తాబేలు మీద కూర్చున్నాడు. చెరుకురసం సముద్రంలో ఏం జరిగింది, అంతమంది తాగడానికి ఆగితే ఎవరు కదిలించారు అని అడగకండి. తాబేలు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే విసుక్కుంటుంది.

వకుళకూ వినయసేనుడికీ పెళ్ళి నిశ్చయమైంది. పెళ్ళికి పందిట్లో పెట్టే అరివేణి కుండలు కావాలి కదా, ఏ కుమ్మరికి చెబుదామని రాణీగారు అడుగుతుంటే మాంత్రికుడు ముందుకు వచ్చాడు.

"నేను చేస్తానమ్మా."

ఆయనే మట్టి తొక్కాడు, కుమ్మరి సారె తిప్పాడు, కుండలు ఆరబెట్టాడు, ఆవం పేర్చాడు. పేర్చాక ప్రతి కుండలోకీ తొంగిచూశాడు. మళ్ళీ ఒకసారి చూశాడు. అప్పుడు నిప్పు పెట్టాడు. పెళ్ళి అయిదు రోజులు జరిగింది. నాయనమ్మ కొత్త జాడీలన్నీ తెరిపించి ఊరంతటికీ వడ్డించింది. వకుళ తల్లిదండ్రులకు మగపిల్లలు లేరు కాబట్టి ఆ రాజ్యం వినయసేనుడికి ఇచ్చారు. అతను, వకుళ మనవల్ని, మునిమనవల్ని చూసేదాకా చల్లగా ఏలారు. వాళ్ళ సభలో ఒకటే కట్టుబాటు ఉండేది. చేతకానిది చేతకాదని చెప్పినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు.

ఆ ఊరి కోటగుమ్మం పక్కన వకుళ ఒక చలివేంద్రం పెట్టించింది. అక్కడ నీడలో పున్నాగను నిలబెట్టారు. ముసలాయన పొద్దున్నే లేచి, పాప ముఖం కడిగి, చంకలోని కుండను నిండా మంచినీళ్ళతో నింపేవాడు. ఎండలో నడిచి వచ్చిన బాటసారులు నీళ్ళు తాగుతూ, "ఎంత బాగుంది, ఎవరీ అమ్మాయి?" అని అడిగేవాళ్ళు.

"మా పున్నాగ. ఇంకాస్త తాగండి నాయనా, మళ్ళీ నింపుతాను" అనేవాడు ఆయన.

వాళ్ళ కథ వాళ్ళ ఊళ్ళోనే ఉంది, నేను మీదాకా మోసుకొచ్చాను. ఇంతసేపు చెప్పి గొంతు ఆరిపోయింది, లేచి ఎవరైనా నాకు చెంబుడు మంచినీళ్ళు తెచ్చిపెట్టండి.